యాకయ్య చూపిన పాయింట్

బాప్తిస్మం తీసుకున్న రోజు తనతోపాటు నీళ్లలో మునిగిన ఐదుగురికీ కొత్త పేర్లొచ్చాయి గానీ యాకయ్యకు పాత పేరే మిగిలింది. ముందు పుట్టిన ఇద్దరు దక్కకపోతే వాళ్లమ్మ అన్నారం దర్గాకు మొక్కుకుని, మూడోవాడు బతికాక ఆ బాబా పేరు పెట్టుకుంది. ప్రశాంత్ పాస్టరు ఆ పేరు విని, యాకోబు బైబిల్లోనే ఉన్నాడు కదా, ఇంక మార్చడమెందుకని అలాగే ముంచి లేపాడు. దర్గా పేరుతోనే యాకయ్య పన్నెండేళ్లుగా ఏసయ్య దగ్గర చలామణి అవుతున్నాడు. అటునుంచి గానీ ఇటునుంచి గానీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పేరు మిగిలింది గానీ పని పోయింది. యాకయ్య బోరు పాయింట్లు చూసేవాడు. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, పొలమంతా నడిచేవాడు. కింద నీళ్లున్న చోటికి రాగానే కాయ మెల్లగా లేచి నిలబడేది. అక్కడ మడమతో గీత గీస్తే అదే పాయింటు. కాయ ఎందుకు నిలబడుతుందో అతనికే తెలియదు. పాస్టరుకు మాత్రం తెలుసు. సోదె చెప్పడం, చెయ్యి చూడడం, కాయ నిలబెట్టడం అన్నీ ఒకే దయ్యం పెట్టుకున్న మూడు దుకాణాలన్నాడు. ఇక కాయ ముట్టొద్దన్నాడు. యాకయ్య సరేనన్నాడు.

అయితే రఘునాథపల్లి దగ్గరి ఆ ఊళ్లో రేకుల చర్చికి వచ్చేవాళ్లలో సగం మంది రైతులే. బయటివాళ్ల పొలాల్లో కాయ నిలబడి నీళ్లు పడుతుంటే విశ్వాసుల పొలాలు ఎండాలా అని సంఘపెద్దలు అడిగారు. పాస్టరు వారం రోజులు ఆలోచించి దారి కనిపెట్టాడు. కాయ లేకుండా, ప్రార్థన చేసి చెప్పొచ్చు. అప్పుడది సోదె కాదు, ఆత్మ నడిపింపు.

ఈ నడిపింపు సంగతిలో జనగామలో రెండు మాటలున్నాయి. దేవుడు మనుషుల చెవిలో చెప్పడం అపొస్తలుల కాలంతోనే ఆగిపోయిందని, ఇప్పుడున్నది రాసిన వాక్యం ఒక్కటేనని రాతి గోడల పాత చర్చివాళ్లు అంటారు. రేకుల చర్చివాళ్లనడిగితే ఎక్కడా ఆగలేదు, ప్రతి శుక్రవారం పది గంటలకు మొదలవుతుందంటారు. యాకయ్యది రేకుల చర్చి కాబట్టి అతనికీ నడిపింపు వచ్చింది. కాకపోతే పది గంటలకు కాదు, ఇంకాస్త ముందు, కోడి కూసే వేళకు. ఆ వేళకే కండువా కింద కాయ దాచుకుని పొలానికి పోయి, ఒక చుట్టు చుట్టి, కాయ లేచిన చోట చిన్న రాయి వేసి వచ్చేవాడు. పదింటికి పాస్టరు, పెద్దలు, పొలం వాళ్లు చేరాక కళ్లు మూసుకుని వణుక్కుంటూ నడిచి, అరికాలికి ఆ రాయి తగలగానే ఆగి, ప్రభువు ఇక్కడంటున్నాడని చెప్పేవాడు. కాయ ఇంటికొచ్చి పచ్చడయ్యేది. పన్నెండేళ్లు ఆ పచ్చడి నూరిన భార్య సుజాత ఎక్కడిదని ఒక్కసారీ అడగలేదు. ప్రవచనం ఉన్న రోజు వేరే కూర వండే పని లేదని మాత్రం ఆమెకు తెలుసు.

పదకొండు పాయింట్లు చూపితే ఏడింట నీళ్లు పడ్డాయి. పడని నాలుగింటికీ కారణాలు దొరికాయి. ఒకరి తమ్ముడు తాగుతాడు, ఇంకొకరు ఆదివారం నాడు పత్తి ఏరించారు. ఆ ఊళ్లో నీళ్లకు కరువు గానీ పాపానికి కరువు లేదు, నాలుగడుగులు తవ్వితే ఏ ఇంట్లోనైనా పడుతుంది.

యాకయ్య దీన్ని మోసమనుకోలేదు. కాయను చేసిందీ దేవుడే, తన చెయ్యిని చేసిందీ దేవుడే, రెంటి మధ్య ఏం జరుగుతుందో ఆయనే చూసుకుంటాడు అనుకున్నాడు. పెళ్లి సంబంధాలు, పిల్లల పరీక్షల సంగతులు అడగడానికి వచ్చినవాళ్లను మాత్రం తన వరం నీళ్ల వరకేనని చెప్పి పంపించేవాడు. ఆ కట్టు ఒక్కసారే తప్పాడు, మోతీబాయి దగ్గర.

మోతీబాయిది ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న తండా. తండా నుంచి చర్చికి వచ్చేది ఆమె ఒక్కతే. జనగామ పత్తి మార్కెట్లో ఊడ్చే పని. ఆమె కొడుకు రాకేశ్ ఒక మేస్త్రీ వెంట పుణెకు సెంట్రింగ్ పనికి పోయాడు. రెండు నెలలు ఫోన్ చేశాడు, ఆ తర్వాత ఫోన్ బంద్ అయింది. అడిగితే, పని విడిచి వెళ్లిపోయాడని మేస్త్రీ అన్నాడు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కాగితం ఇచ్చి వచ్చారు. ఏడాది గడిచాక ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆమె నేల మీద పడి ఏడుస్తుంటే, పక్కనున్న యాకయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నీ కొడుకు బతికున్నడు, తొవ్వల ఉన్నడు, ఇంటికొస్తడు" అన్నాడు. అప్పటినుంచి మూడేళ్లు పాస్టరు నోటుబుక్కులోని ప్రార్థన మనవుల్లో రాకేశ్ పేరు ప్రతి ఆదివారం చదువుతూనే ఉన్నారు, సంఘమంతా ఆమేన్ అంటూనే ఉంది.

నిరుడు చర్చికే బోరు కావలసి వచ్చింది. ఇన్నాళ్లూ బాప్తిస్మాలు ఊరి చివర ఒకాయన వ్యవసాయ బావిలో జరిగేవి. ఆయన భూమి ప్లాట్లకు అమ్ముకుంటే కొన్నవాళ్లు బావి పూడ్చేశారు. సంఘం చందాలేసుకుని చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టింది, దిగడానికి మెట్లు కూడా పెట్టింది. ముందు నీళ్లు చూసుకోవాలి కదా అని ఎవరో అంటే, ముందు తొట్టి కట్టడమే విశ్వాసమని పాస్టరు చెప్పాడు. ఆ విశ్వాసంలో ఆరు నెలలు ప్లాస్టిక్ కుర్చీలు, క్రిస్మస్ నక్షత్రం, ఒకటి రెండు మేకపిల్లలు ఉన్నాయి. శ్రావణంలో వానలు మొహం చాటేశాక, ఇక ఆగకుండా బోరు బండికి చెప్పారు.

యాకయ్య మూడు రోజులు ఉపవాసం ఉన్నాడు. పాయింట్ చూపే రోజు పొద్దున కాయ తేకుండా వాకిట్లో కూర్చుంటే సుజాత వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఈసారి కాయ లేదేంది?"

"గిది దేవుని బోరు. దేవుణ్ణే అడుగుత."

"మరి గీ పన్నెండేండ్లు ఎవల్ని అడిగినవ్?"

ఆమె జవాబు కోసం ఆగకుండా చీపురు తీసుకుంది.

పదింటికి చర్చి వెనక అరవై మంది మోకరించారు. బోరు బండి రోడ్డు మీద ఇంజను ఆపకుండా నిలబడింది. యాకయ్య చెప్పులు విడిచి కళ్లు మూసుకుని, పన్నెండేళ్లలో మొదటిసారి నిజంగా అడిగాడు. చూపించు తండ్రీ, ఇది నా కోసం కాదు, నీ ఇంటికి. చెవి పెట్టి విన్నాడు. బండి ఇంజను వినిపించింది. ఒక కాకి వినిపించింది. ఎవరి జేబులోనో ఫోన్ మోగి ఆగింది. మూడు రోజుల ఖాళీ కడుపు మూలిగింది. అంతకుమించి ఏమీ లేదు. ఎవరో ఉండి పలకకపోతే ఆ ఊరుకోవడం వేరే ఉంటుంది, అలిగిన భార్య పక్క గదిలో ఉన్నట్టు తెలుస్తుంది. ఇది అలా లేదు. తాళం వేసిన ఇంటి తలుపు కొట్టినట్టుంది.

అలాగని అరవై మంది ముందు ఎంతసేపు నిలబడతాడు. నడిచాడు. కాలికి తగలడానికి ఎక్కడా రాయి లేదు. నడిచి నడిచి ప్రహరీ గోడ మోకాలికి గుద్దుకుంటే ఆగాడు. వెనక నుంచి హల్లెలూయా అని కేక లేచింది. పాస్టరు పరుగున వచ్చి అతని కాళ్ల దగ్గర సున్నం చల్లాడు.

సాయంత్రం దాకా వేశారు. నలభై ఫీట్లకు రాయి తగిలింది, నాలుగు వందలకూ రాయే. పైకి లేచింది తెల్లటి దుమ్ము ఒక్కటే. పాటలు పాడే ఆడపిల్లల జడలు, పాస్టరు నల్ల ప్యాంటు, తొట్టిలోని కుర్చీలు అన్నీ తెల్లబడి, సంఘమంతా ఒక్కరోజులో ముసలిదైపోయినట్టు కనిపించింది. బండివాళ్లు గొట్టాలు సర్దుకుని వెళ్లిపోయారు. యాకయ్యను ఒక్కరూ ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండేదని అతనికి ఆ రాత్రంతా అనిపించింది.

ఆదివారం పాస్టరు ఆకాను కథ ఎత్తుకున్నాడు. యెహోషువ కాలంలో ఆకాను అనేవాడు యుద్ధంలో దొరికిన బంగారం తన గుడారంలో పాతిపెట్టుకుంటే, ఆ ఒక్కడి పాపానికి ఇశ్రాయేలు మొత్తం ఓడిపోయింది. మన మధ్య కూడా ఒక ఆకాను ఉన్నాడు, అందుకే రాయి పగల్లేదు అన్నాడు. వెతకడానికి వాళ్లకు పెద్ద కష్టం కాలేదు. మోతీబాయి తమ్ముడి బిడ్డ కల్యాణి పెట్టిన వాట్సాప్ స్టేటస్ అప్పటికే సగం మంది చూసి ఉన్నారు. తండాలో అమ్మవారికి చేసే తీజ్ పండుగ, ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలెత్తుకుని చుట్టూ తిరుగుతున్నారు, మధ్యలో మోతీబాయి చేతులూపుకుంటూ పాడుతోంది. బోరు వేయడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు. పాస్టరు కటువుగా ఏమీ అనలేదు. ఈ ఆవరణలో రెండో బోరు వేసి నీళ్లు పడేదాకా సహోదరి మందిరంలోకి రాకుండా బయట ఉండి ప్రార్థించుకోవాలని మెత్తగానే చెప్పాడు. రెండో బోరుకు సంఘం దగ్గర చిల్లిగవ్వ లేదన్న సంగతి అందరికీ తెలుసు. మోతీబాయి లేచి, కొంగు సర్దుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది.

యాకయ్య నాలుగు రోజులు తిండి మీద మనసు పెట్టలేదు. ఆకాను ఎవరో అతనికి తెలుసు. గోడ దాకా నడిచింది తనే. ఏమీ వినకుండానే విన్నట్టు నిలబడ్డదీ తనే. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ లేచి, కాయ సంగతి, గోడ సంగతి మొత్తం కక్కేద్దామని తీర్మానించుకున్నాడు. అంతకన్నా ముందు ఆమెకు చెప్పాలని గురువారం తండాకు పోయాడు.

మోతీబాయి ఇంటి ముందు చాటలో కందులు చెరుగుతోంది. యాకయ్య నిలబడే కాయ సంగతంతా చెప్పాడు. ఆమె చెరగడం ఆపలేదు.

"గది నాకెర్కనే అన్నా. మా తండ పక్క పొలంల నువ్వు తెల్లారంగ కాయ పట్టుకొని తిరుగుతుంటె చెంబులు పట్కపోయిన ఆడోళ్లందరం చూసినం. నవ్వు ఆగక సచ్చినం."

"మరి పాస్టరుకు చెప్పలే?"

"నీళ్లు పడ్డయి గద. ఇగ చెప్పుడెందుకు."

పన్నెండేళ్లు తండా ఆడవాళ్లంతా దాచిన రహస్యాన్ని తనొక్కడే దాస్తున్నాననుకున్నందుకు యాకయ్యకు సిగ్గుతోపాటు నవ్వూ వచ్చింది. ఆ నవ్వు ముదరకముందే ఆమె చాట కింద పెట్టింది.

"గని ఒకటి చెప్పు. నా రాకేశ్ ముచ్చట చెప్పిన నాడు కాయ పట్టినవా?"

"లేదు."

ఆమె ముఖం విప్పారింది. మూడేళ్లలో అతను ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు. "అయితె గదొక్కటి నిజంగ ప్రభువు చెప్పినట్టే" అంది.

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. బోర్ల దగ్గర పన్నెండేళ్లు ఊరుకున్నవాడు అక్కడ ఊరుకోలేకపోయాడు.

"లేదు మోతీ. ప్రభువు చెప్పలే. నువ్వు నేల మీద పడి ఏడుస్తున్నవ్. నాకు చూడబుద్ధి కాలే. నోట్లెకొచ్చింది అనేసిన."

మోతీబాయి చాటలోకి వంగింది. ఒక రాయి కనబడితే ఏరి పారేసింది. మరొకటి ఏరింది. ఏరుతూనే, ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా అని అడిగింది. లేదని, ఆదివారం అందరి ముందూ చెప్పి, ఆమె మీద పడ్డ మచ్చ తీసేస్తానని యాకయ్య అన్నాడు.

"చెప్పకు."

"నీ మీద ఉత్తగ పడ్డది గదా చెల్లె."

"పడనీ. అన్నా, మా ఇంటాయన వాడు లేడనుకొని దినాలు చేద్దామంటుండు. స్టేషన్ల ఇచ్చిన కాయితం ఏడున్నదో వాళ్లకే తెల్వది. బతికున్నోని లెక్క వాని పేరు పలికేది గా చర్చిల ఒక్కటే. నువ్వు లేసి అంత అబద్ధమంటె గదీ ఆగుతది. నేను బయటుంట, నాకేమైతది. వాని పేరు లోపటుండనియ్."

అది అబద్ధమని ఆమెకు ఇప్పుడు తెలుసు కదా, ఇంకా ఎందుకని యాకయ్య అడగబోయాడు. ఆమె మళ్లీ చాట అందుకుంది. కందుల చప్పుడులో అడగలేకపోయాడు.

ఆదివారం సాక్ష్యాల వేళ పాస్టరు ఎవరైనా ఉన్నారా అని రెండుసార్లు అడిగాడు. యాకయ్య రెండు చేతులతో మోకాళ్లు గట్టిగా పట్టుకుని చాప మీదే కూర్చున్నాడు. తర్వాత నోటుబుక్కు తెరిచారు. షుగరున్నవాళ్లు, పిల్లల్లేనివాళ్లు, ఉద్యోగం రానివాళ్లు అయ్యాక రాకేశ్ పేరొచ్చింది. అందరికన్నా గట్టిగా యాకయ్య ఆమేన్ అన్నాడు.

సోమవారం పొద్దున మోతీబాయి జనగామ బస్సు కోసం ఊరి స్టేజీ దగ్గర నిలబడుతుంది. యాకయ్య అటుగా వచ్చి, నిన్న చదివారని చెప్పాడు. ఆమె తలూపి బస్సెక్కింది. మరుసటి సోమవారమూ అంతే. అలా నాలుగు వారాలు గడిచాయి. ఐదో ఆదివారం పాస్టరు కొత్త నోటుబుక్కు తెచ్చాడు. పాతది నిండిపోయింది. కొత్తదాంట్లో రాకేశ్ పేరు లేదు.

ప్రార్థన అయిపోయి అందరూ పోయాక యాకయ్య ఉండి, ఆ సంగతి అడిగాడు. మరిచిపోయి వదిలేయలేదని పాస్టరు చెప్పాడు. తల్లి ఇంకా శుద్ధి కాలేదు, ఆమె మనవి చదివితే ఆ దోషం సంఘం మీదికొస్తుంది, బోరు పడగానే మళ్లీ రాద్దాం. ఆ మాటలు అతను బాధపడుతూనే చెప్పాడు, యాకయ్యకు అది కనిపించింది. ఆ తర్వాత పాస్టరు ఆశగా ముందుకు వంగాడు.

"ఏం యాకన్నా, వాని పేరు సదువుమని నీకేమన్న ప్రభువు చెప్పిండా? చెప్పిండంటె ఇప్పుడే రాస్త."

పెన్ను మూత కూడా తీశాడు. ఒక్క మాట చాలు. అవునంటే చాలు. పదకొండు పొలాల్లో పదకొండుసార్లు తడబడకుండా అన్న మాటే అది. యాకయ్య నోరు తెరిచాడు. ఆ రోజు గోడ దాకా నడిచేటప్పుడు చెవిలో ఏముందో మళ్లీ అదే ఉంది. కాకి కూడా లేదు. ఆ ఖాళీలో నిలబడి ఆయన పేరు మీద ఇంకో మాట అనడానికి నాలుక లేవలేదు.

"ఏం చెప్పలే" అన్నాడు.

పాస్టరు పెన్నుకు మూత పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక యాకయ్యకు అర్థమైంది. బతుకు మొత్తంలో దేవుడి ముందు పలికిన ఒక్క నిజంతో రాకేశ్‌ను ఆ చివరి చోటు నుంచి కూడా తీసేశాడు. ఇంటికి పోయి సుజాతకు చెప్పాడు. ఆమె చాలాసేపు విని, "ఇప్పుడు నిజం చెప్పుడు మొదలువెట్టినవా" అంది. కోపంగా కూడా అనలేదు. అన్నం పెట్టింది.

మర్నాడు స్టేజీ దగ్గర మోతీబాయి అందరికన్నా ముందే వచ్చి నిలబడి ఉంది. దగ్గరికి వస్తుండగానే అతని ముఖం చూసింది.

"సదివిండ్రా అన్నా?"

"సదివిండ్రు."

"రాకేశ్ అనే సదివిండ్రా, మోతీబాయి కొడుకని అన్నరా?"

"రాకేశ్ అనే సదివిండ్రు."

"అందరు ఆమేన్ అన్నరా?"

"అందరన్నరు."

బస్సొచ్చింది. ఆమె చీపురు కట్ట, సద్దిగిన్న సంచి భుజానికి తగిలించుకుని, రద్దీలో రాడ్డు పట్టుకుని నిలబడింది. కిటికీలోంచి ఇటు చూడలేదు.

రెండో బోరు మాట సంఘంలో ఎవరూ ఎత్తడం లేదు. మోతీబాయి ఇంటాయన మాత్రం దినాల మాట ఎత్తుతూనే ఉన్నాడు, ఆమె చర్చి పేరు చెప్పి ఆపుతూనే ఉంది. జనగామలో యాకయ్యకు ఏ పనీ లేదు. అయినా సోమవారం వస్తే తల దువ్వుకుని, ఏడున్నర బస్సు కన్నా ముందే స్టేజీకి పోయి నిలబడతాడు. ఆమె అడుగుతుంది. అతను చెప్తాడు.